ఏటిలో దిగువాని పాదరక్ష

స్కాట్లండునందలి స్పే నదిలో సాల్మను చేపకై గాలము వేయువారు పెక్కురు గట్టున గూర్చుండక, నడుములోతు ప్రవాహమున నిలిచి, నునుపుదేరిన గుండ్రాళ్లపై అడుగు తడవికొనుచు మెల్లగా ముందునకు సాగుదురు. ఱొమ్ముదాక తొడుగుకొను, నీరు చొరని వారి లాగునకు పాదములకడ నియోప్రీను మేజోళ్లు అతుకబడి యుండును. వాని మందము సాధారణముగా 3 మొదలు 5 మిల్లీమీటర్లు. లోపల ఉన్ని మేజోడు, పైని బూటు. కనుక ఇంటి బూట్ల అంకెనే నమ్మి వీనిని కొనుట తగదు.

బూటు ఇఱుకైనచో వ్రేళ్లలో రక్తప్రసారము మందగించి, ఎంత దళసరి ఉన్ని తొడిగినను పాదము చలికి మొద్దుబారును. చలి బాపుటకని మఱియొక మేజోడు దూర్చుట వలన ఇఱుకు హెచ్చి బాధ ఇనుమడించుటయే గాని వేఱు లాభము లేదు. వదులైనచో మడమ లోపల జారి, రాళ్ల సందున చీలమండ మడతపడును. పోటెత్తు నీటిలో ఇదియే అధిక ప్రమాదమని నా తలంపు.

కొందఱు తయారీదారులు నియోప్రీను మందమును ముందే లెక్కించి అంకె వేయుదురు; మఱికొందఱి బూట్లకు ఒక అంకె పెంచవలసియుండును. అమెరికాలోని మనవారు మఱియొకటి గమనింపవలెను: బ్రిటిషు కొలతలోని 9 అచ్చట పురుషుల కొలతలో దాదాపు 10 అగును.

సాయంకాలమున, పాదములు కొంచెము ఉబ్బియున్న వేళ, లాగును మేజోళ్లును తొడిగి, లేసులు బిగించి, వాలుపలకపై క్రిందికి దిగి చూడవలెను. వ్రేళ్లు ముందుకొనకు తగులరాదు, మడమ లేవరాదు.

అడుగుభాగము వేఱు విషయము. డిడిమో అను శైవలపు వ్యాప్తి నరికట్టుటకై న్యూజీలాండు 2008లో మంచినీటి గాలపువేటయందు ఫెల్టు అడుగుల బూట్లను నిషేధించినది. అచ్చటికి పోవువారు రబ్బరడుగు గలవానినే కొనవలెను.