లంగరు ఓడలోనూ కాపలా తప్పదు

కాకినాడ తీరాన నిలబడి చూస్తే దూరాన సముద్రంలో కదలక మెదలక నిలిచిన ఓడలు కనబడతాయి. లంగరు రేవు వద్ద లోతు తక్కువ గనుక అవి అక్కడే ఆగుతాయి; సరుకు బార్జీల మీద చేరుతుంది. గుంజకు కట్టిన గొడ్డులా పడివున్న ఓడలో పనేముంటుంది, అందరూ నిద్రపోతుంటారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

రాత్రింబవళ్లు ఒక అధికారి పై గదిలో మేలుకొని ఉండవలసిందే. గట్టు మీది గుర్తులను చూసి లంగరు జారలేదని సరిచూసుకోవాలి. మరే ఓడైనా తనమీదికి వస్తుంటే రేడియోలో పిలవాలి, వెంటవెంటనే అయిదు పొట్టి కూతలు వేయాలి, కెప్టెనును లేపాలి, ఇంజను గదికి కబురు పంపాలి. (ఆ అయిదు కూతలు మన వేట పడవల వారూ గుర్తుంచుకోదగినవి.) అయితే తప్పుకోవడం చెప్పినంత తేలిక కాదు. నీటి అడుగున టన్నులకొద్దీ గొలుసు ఉంటుంది. దాన్ని పైకి లాగే వ్యవధి లేనప్పుడు, మరికొంత గొలుసు వదిలి ఓడను వెనక్కు జరుపుతారు.

2007 డిసెంబరు 7న దక్షిణ కొరియా తీరాన జరిగింది ఇదే. ముడిచమురుతో హెబెయ్ స్పిరిట్ అనే ఓడ లంగరు వేసి ఉంది. కెప్టెన్ జస్‌ప్రీత్ చావ్లా, కాపలాలోని చీఫ్ ఆఫీసర్ శ్యామ్ చేతన్ ఇద్దరూ భారతీయులే. పెనుగాలిలో టగ్గులు లాగుతున్న భారీ క్రేను బార్జి తాడు తెగి, వీరి మీదికి కొట్టుకువచ్చింది. గొలుసు వదిలారు, ఇంజను వెనక్కు నడిపారు. అయినా బార్జి వచ్చి తగిలింది. మూడు ట్యాంకులకు చిల్లులు పడి పదివేల టన్నులకు పైగా చమురు కడలిపాలైంది. అక్కడి బెస్తవారి బతుకులు అతలాకుతలమయ్యాయి.

తప్పించుకునేందుకు తగినంత చేయలేదని ఈ ఇద్దరిపైనా కేసు పెట్టారు. 2008 జూన్‌లో కింది కోర్టు నిర్దోషులంది. డిసెంబరులో పై కోర్టు కెప్టెనుకు 18 నెలలు, ఆఫీసరుకు 8 నెలలు జైలు వేసింది. లంగరు వేసుకుని ఉన్నవాడికి శిక్షా అని పలు దేశాల నావికులు నిరసన తెలిపారు. అది న్యాయమైన ప్రశ్నే. 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జైలు శిక్షను కొట్టివేసింది. జరిమానా మాత్రం తప్పలేదు. ఆ జూన్‌లో గాని వారు స్వదేశం చేరలేదు.