ఒకే అచ్చు, వేఱు ప్లాస్టిక్కు: డిస్కు గాల్ఫు చక్రముల గమనభేదము

ఒకే అచ్చులో బెల్లపు పాకమును, కరగిన మైనమును పోసినచో రెండింటి ఆకారము ఒక్కటియే యగును. కాని ఎండలో నుంచినప్పుడు, నేలపై పడవేసినప్పుడు, చేత పట్టుకొనినప్పుడు ఆ రెండును ఒకే విధముగ నడుచుకొనవు. ఈ చిన్న సంగతి నెఱిగినవారికి మేమీ వ్యాసమున చెప్పదలచిన విషయము సగము తెలిసినట్లే. డిస్కు గాల్ఫు అను ఆటయందు ఫెయిర్‌వే డ్రైవరు అను నొక చక్రము వాడుదురు. ఒకే అచ్చునుండి వెలువడినను, ఏ ప్లాస్టిక్కుతో చేయబడినదో దానినిబట్టి ఆ చక్రముయొక్క గమనము మాఱును. ఎట్లు మాఱును? ఏల మాఱును? దీనిని మనమే పరీక్షించి తెలిసికొనుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకును ఇందు సమాధానము చెప్పెదము.

ముందుగా ఆటను గుఱించి కొంచెము చెప్పవలెను. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టిన ఆట. ఫ్రెడ్ మారిసన్ అనునాతడు రూపొందించిన ఎగురు చక్రమును వామ్-ఓ అను కంపెనీ తీసికొని 1957లో దానికి ఫ్రిస్బీ అను పేరు పెట్టినది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ ఈ చక్రములతో గాల్ఫు ఆడు విధానమును స్థిరపఱచెను. 1975లో కాలిఫోర్నియాయందలి ఓక్ గ్రోవ్ ఉద్యానవనమున మొదటి శాశ్వత క్రీడాస్థలము ఏర్పడినది. గొలుసులు వ్రేలాడు ఇనుప బుట్టను గుఱిగా నిలుపు పద్ధతియు ఆయనదే. 1976లో ఈ ఆటగాండ్ర సంఘమైన పి.డి.జి.ఏ. స్థాపింపబడినది. ఆటగాడు నిర్ణీతస్థలమునుండి చక్రమును విసరి, అది పడినచోటినుండి మరల విసరుచు, తుదకు బుట్టలో వేయవలెను. తక్కువ విసరులతో ముగించినవాడు గెలుచును.

తొలినాళ్లలో వాడిన చక్రముల అంచు మొద్దుగ నుండెడిది. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగ చెక్కినట్లుండు చక్రమును తయారుచేసెను. అట్టి అంచు గాలిని చీల్చుకొని పోవుటచే చక్రము మునుపటికంటె దూరము పోగలిగినది. నేడు బుట్టలో వేయుటకు పట్టరు, మధ్యదూరమునకు మిడ్‌రేంజి, అంతకు మించిన దూరమునకు డ్రైవరు అని వేఱువేఱు చక్రములు కలవు. డ్రైవర్లలో మిక్కిలి వేగము కోరునవి కొన్ని. వేగమును గుఱియును రెండింటిని ఆశించువారికొఱకు చేసినవి ఫెయిర్‌వే డ్రైవర్లు. ఇన్నోవా కంపెనీవారు తమ చక్రములపై వేగము, తేలుట, తిరుగుట, వాలుట అను నాలుగు గుణములకు నాలుగు అంకెలు ముద్రింతురు. టీబర్డ్ అను ఫెయిర్‌వే డ్రైవరుకు 7, 5, 0, 2. లెపర్డ్ అను దానికి 6, 5, -2, 1. ఫైర్‌బర్డ్ అను దానికి 9, 3, 0, 4.

ఈ అంకెల భావమేమో తెలియుటకు చక్రము ఎగురు తీరు తెలియవలెను. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలిచియుండును. వేగము తగ్గినకొలది ఒరగును. చక్రమునకును తన చుట్టు తాను తిరుగుటయే స్థిరత్వము నొసగును. కుడిచేతివాడు చేతిని ఛాతీకి అడ్డముగ తెచ్చి వెనుకనుండి ముందునకు విసరినచో, పైనుండి చూచువారికి చక్రము గడియారపు ముల్లువలె తిరుగును. అది వేగముగ పోవునప్పుడు గాలి దాని ముందు అంచును క్రిందికి వంచ జూచును. కాని తిరుగు వస్తువునకొక వింత స్వభావము కలదు. ఒకవైపు త్రోసినచో అది ఆ వైపునకు గాక, దానికి లంబముగ ఒరగును. కావున ముందంచు వంగుటకు మాఱుగా చక్రము కుడికి ఒరగి కుడివైపు పోవును. దీనినే తిరుగుట యందురు. వేగము తగ్గిన పిమ్మట గాలి ముందంచును పైకెత్త జూచును. అప్పుడు చక్రము ఎడమకు ఒరగి దిగును. ఇదియే వాలుట. ఎడమచేతివానికి దిక్కులన్నియు తారుమాఱగును. కుడికి తిరుగుటకు ఒప్పుకొనక ఎడమకు గట్టిగా వాలు చక్రమును మొండిదనియు, సులభముగ కుడికి తిరుగుదానిని మెత్తనిదనియు ఈ వ్యాసమున వ్యవహరింతుము.

ఇక ప్లాస్టిక్కుల సంగతి. కంపెనీ కంపెనీకి పేరులు మాఱినను, వీనిని ముఖ్యముగ మూడు తరగతులుగ చేయవచ్చును. మొదటిది వెల తక్కువైన సామాన్యపు ప్లాస్టిక్కు. ఇన్నోవావారు దీనిని డి.ఎక్స్. అనియు, డిస్క్‌క్రాఫ్టువారు ప్రో-డి అనియు పిలుతురు. ఇది చేతికి చక్కగ అంటును. కాని త్వరగా అరుగును. రెండవది గట్టిదై, సాధారణముగ వెలుతురు కనబడునంత పారదర్శకముగ నుండునది. దీనిని ఇన్నోవావారు ఛాంపియన్ అనియు, డిస్క్‌క్రాఫ్టువారు జెడ్ అనియు అందురు. ఇది మిక్కిలి మన్నిక గలది. కాని వానలో తడిసినచో చేతినుండి జాఱును. మూడవది వెలుతురు చొరని మేలురకము. ఇన్నోవావారి స్టార్, డిస్క్‌క్రాఫ్టువారి ఇ.ఎస్.పి. ఇట్టివి. మన్నికయు, చేతిపట్టును రెండును కలియవలెనని దీనిని తయారుచేసిరి.

టీబర్డ్ అచ్చునే తీసికొని ఈ మూడింటిని పోల్చి చూతము. క్రొత్త ఛాంపియన్ టీబర్డును గట్టిగా విసరినను అది కుడికి తిరుగుట అరుదు. చాలదూరము తిన్నగ పోయి, తుదిని స్పష్టముగ ఎడమకు వాలును. ఎదురుగాలిలో సహితము నమ్మదగినది. స్టార్ టీబర్డు తఱచుగ దానికంటె కొంచెము మెత్తనిది. ఎక్కువసేపు తేలి, తుదిని నెమ్మదిగ వాలును. డి.ఎక్స్. టీబర్డు క్రొత్తగ నున్నప్పుడు తిన్నగ పోవును. ఆటలో అరిగినకొలది కుడికి తిరుగ నారంభించును. అయినను మూడింటిపై ముద్రించిన అంకెలు 7, 5, 0, 2 మాత్రమే. అంకెలు అచ్చును తెలుపునుగాని పదార్థమును తెలుపవు. అంకెలను మాత్రము చూచి కొనువాడు మోసపోవుట ఇచ్చటనే.

అచ్చు ఒక్కటియైనను గమనము వేఱగుటకు కారణములు ముఖ్యముగ మూడు.

మొదటిది చల్లాఱుట. కరగిన ప్లాస్టిక్కును గొప్ప ఒత్తిడితో అచ్చులోనికి నెట్టి, గట్టిపడిన పిమ్మట వెలికి తీయుదురు. చల్లాఱునప్పుడు ప్రతి ప్లాస్టిక్కును కొంత కుంచించుకొనును. కాని అన్నియు ఒకే మోతాదున కుంచించుకొనవు. అందుచే ఒకదాని నడుమభాగము గుమ్మటమువలె ఉబ్బును, మఱియొకటి పళ్లెమువలె చదునగును. అంచుయొక్క కొన ఒకదానియందు కొంచెము పైకి, మఱియొకదానియందు కొంచెము క్రిందికి నిలుచును. కొన పైకున్న చక్రము మొండిది; క్రిందికున్నది మెత్తనిది. ఈ తేడా వెండ్రుకవాసి మాత్రమేయైనను నూఱు మీటర్ల దూరమున పెద్దదై కనబడును. రంగు మాఱినను, ఒకేరకపు ప్లాస్టిక్కు వేఱొక విడతలో పోసినదైనను ఇట్టి భేదము రావచ్చును.

రెండవది చేతిపట్టు. వ్రేళ్లు బిగువుగ పట్టుకొనగలిగిన చక్రము ఎక్కువగ తిరుగుచు బయలువెడలును. గట్టిదై నున్నగనున్న చక్రము, అందును చలిలోనో వానలోనో, ముందుగనే జాఱిపోవును. అప్పుడు తిరుగుడు తగ్గి చక్రము త్వరగా వాలును. చలికి ప్లాస్టిక్కు బిగిసి గట్టిపడును. అందుకే ఇన్నోవావారు స్టార్‌కంటె మెత్తనగు జి-స్టార్ అను రకమును తయారుచేసిరి.

మూడవది అరుగుదల. చక్రములు చెట్లకు తగులును, రాళ్లపై పడును. ఆ దెబ్బలకు సామాన్యపు ప్లాస్టిక్కు అంచుపై గాట్లు పడును, కొన మొద్దుబాఱి క్రిందికి దిగును. చక్రము క్రమముగ మెత్తనగును. ఛాంపియన్‌రకమునకును ఇదియే జరుగును. కాని చాలకాలము పట్టును. అరుగుట యన్నది లోపమే యని తలపరాదు. అనుభవజ్ఞులు ఒకే అచ్చుకు చెందిన చక్రములను క్రొత్తది, కొంచెమరిగినది, బాగుగ అరిగినది అని వరుసగ సంచిలో నుంచుకొని, ఒక్కొక్క దారికి ఒక్కొక్క దానిని వాడుదురు. 12 పర్యాయములు ప్రపంచ విజేతయైన కెన్ క్లైమో పేరిటి మొదటి అక్షరములతో ఇన్నోవావారు కె.సి. ప్రో అను ప్లాస్టిక్కును వెలువరించిరి. టీబర్డు అట్టి ప్లాస్టిక్కులోను లభించెను. ఆటగాండ్రు అచ్చునే గాక ప్లాస్టిక్కునుగూడ ఎంత పట్టించుకొందురో దీనివలన తెలియును.

విద్యార్థులారా, పైన చెప్పినదానిని మామాటగ నమ్మనక్కఱలేదు, పరీక్షింపవచ్చును. అయితే పరీక్ష న్యాయముగ నుండవలెను. మాఱునది ఒక్కటియే కావలెను; తక్కినవన్నియు సమానముగ నుండవలెను. ఒకే అచ్చుకు చెందిన మూడు క్రొత్త చక్రములను మూడు ప్లాస్టిక్కులలో తీసికొని ముందు తూచుడు. నియమముల ప్రకారము చక్రము బరువు, అడ్డుకొలతలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదు. కావున 21.2 సెంటీమీటర్ల చక్రము 175.96 గ్రాములకు లోబడవలెను. తేలికయైన చక్రము సులభముగ తిరుగును గనుక, మూడింటికిని ఒకటి రెండు గ్రాములకు మించి తేడా ఉండరాదు. లేనిచో బరువుచేసిన పనిని ప్లాస్టిక్కుకు అంటగట్టుదుము.

గాలి నిలిచిన ఉదయమున, మనుష్యులు గాని పశువులు గాని లేని విశాలమైన మైదానమున ఒక్కరే విసరవలెను. ఒక చక్రమును పదిసారులు వరుసగ విసరి, పిమ్మట రెండవదానిని తీసికొనుట తగదు. ఏలయన మొదట చేయి పొడిగ బిగిసియుండును, తుదకు అలసియుండును. మూడింటిని మార్చి మార్చి విసరుచు ఒక్కొక్కటి పదిసారులు పూర్తిచేయుడు. ఎంతదూరము పోయినది, నడుమ గీతకు ఎన్ని అడుగులు కుడికి తిరిగినది, ఎన్ని అడుగులు ఎడమకు వాలి పడినది అను మూడింటిని ప్రతిసారియు వ్రాసికొని సగటు కట్టుడు. సగటుతోపాటు, మిక్కిలి ఎక్కువకును మిక్కిలి తక్కువకును గల అంతరమును గూడ చూడుడు. ఒకే చక్రముయొక్క విసరులలోనే ఇరువది అడుగుల అంతరమున్నచో, రెండు చక్రముల సగటులనడుమ గల అయిదడుగుల తేడానుబట్టి తీర్పు చెప్పరాదు. గాలి లేచినచో ఎదురుగాను, వాలుగాను సమానముగ విసరుడు. ఎదురుగాలి ప్రతి చక్రమును మెత్తనిదానివలె చూపును, వెనుకగాలి మొండిదానివలె చూపును.

తల్లిదండ్రులకొక మాట. అమెరికాలోనున్న బంధువులు సెలవులకు వచ్చునప్పుడు పిల్లలకు కానుకగ ఒక చక్రమును తేవచ్చును. వెల ఎక్కువైనదే మంచిదని, గట్టిదే మన్నునని, ఛాంపియన్ ఫైర్‌బర్డు వంటిదానిని ఎంచుట సహజము. అది నిజముగ చిరకాలము మన్నును. కాని లేతచేయి దానికి కావలసిన వేగము నీయజాలదు. చక్రము ప్రతిసారియు కొంతదూరము పోయి ఎడమకు పడిపోవును. పిల్లవాడు తప్పు చక్రమునందున్నదని యెఱుగడు. తన చేయే పనికిరాదని తలచి, చక్రమును మూల పడవేయును. ఈ నష్టము ముందు రూపాయల నష్టము స్వల్పము. కావున మొదటి చక్రముగ సామాన్యపు ప్లాస్టిక్కుతో చేసిన లెపర్డువంటి మెత్తని అచ్చును, 150 మొదలు 165 గ్రాముల బరువులో కోరుడు. అది అరిగిపోవునను భయమేల? పిల్లవాని చేయి బలపడులోగా అది అరిగినచో, తన పనిని చేసినదనియే ఎంచవలెను. చేయి బలపడిన పిమ్మట మన్నిక గల ప్లాస్టిక్కును కొనవచ్చును.

ఏ ప్లాస్టిక్కుతో చేసినదైనను, వేగముగ వచ్చు చక్రపు అంచు ముఖమునకు తగిలినచో గాయమగునని మఱువకుడు. ముందు దారి నిర్జనముగ నున్నదని చూచుకొనకుండ ఎన్నడును విసరరాదు. ఈ నియమమునకు మాత్రము అచ్చుతోను ప్లాస్టిక్కుతోను పనిలేదు.