పెట్టెలో వచ్చే బొంత

తెలుగులో బొంత అనే మాటకు మర్యాద తక్కువ. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పరచిన మర్నాడు పత్రికలు దానిని అతుకుల బొంత అంటాయి. నాలుగు గైడ్ల నుంచి నాలుగు పేరాలు ఎత్తి రాసిన విద్యార్థి జవాబు కాగితం అంచున నేనూ ఆ మాటే రాస్తూ ఉంటాను. సంస్కృతంలో కంథ అంటే మాత్రం కాస్త గౌరవం. బైరాగులు భుజాన వేసుకున్నది గనుక. బెంగాలువారు ఆ కంథనే కాంథా అని పిలిచి, దాని మీద పువ్వులూ చేపలూ కుట్టి దేశదేశాలకూ అమ్ముకుంటున్నారు. మనం మన బొంతను మంచం కిందికి తోసి, చుట్టాలు వస్తే రజాయి తీస్తాము.

ఆ బొంతే ఇప్పుడు అట్టపెట్టెలో వస్తున్నది. అమెరికాలో దానిని క్విల్టు కిట్టు అంటారు. పైపొరకు కావలసిన రంగురంగుల గుడ్డలు, చుట్టూ అంచు వేయడానికి పట్టీ గుడ్డ, కొలతల కాగితం అందులో ఉంటాయి. కొన్నిటిలో ముక్కలు ముందే కత్తిరించి ఉంటాయి. పెట్టె మీద మాత్రం పూర్తి అయిన బొంత, మంచం, పక్కన పూలకుండీ—అన్నీ కనిపిస్తాయి.

న్యూజెర్సీలో ఉన్న మా వదిన, అంటే మా వారి అక్కగారు, పుట్టబోయే మనవరాలికోసం ఇటువంటిది ఒకటి కొన్నది. 120 డాలర్లు. ఇంటికి తెచ్చి విప్పితే అడుగు గుడ్డ లేదు, మధ్యన పరిచే దూది పొర లేదు, దారమూ లేదు. వాటికి ఇంకో అరవై అయింది. ఇందులో మోసం ఏమీ లేదు; చాలా కిట్లకు పైపొర మాత్రమే ఇస్తారు, ఆ సంగతి పెట్టె మీద చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది. కొనేవారు ముందుగా చదవవలసింది ఆ చిన్న అక్షరాలనే.

ఆ రాత్రి ఆమె ఫోను చేసింది. "ఈ పెట్టె కుట్టనా, లేకపోతే అమ్మ చీరలు పంపిస్తావా?" అని. మా అత్తగారు నిరుడు పోయారు. ఆవిడ నేత చీరలు ఏడు, మంగళగిరివీ వెంకటగిరివీ, నా దగ్గర ట్రంకు పెట్టెలో ఉన్నాయి. "వదినా, మీకు సూది పట్టడం వచ్చునా?" అన్నాను. "బొత్తాం కుట్టడం వచ్చునే!" అన్నది. కత్తెర పడిన చీర మళ్ళీ చీర కాదు. అందుచేత నెల రోజులు మా ఇంట్లో ఈ కిట్టు విషయమే చర్చ అయింది.

ఇదేమీ కొత్త వ్యాపారం కాదు. ఇండియానా రాష్ట్రంలో మేరియన్ అనే ఊళ్ళో మేరీ వెబ్‌స్టర్ అనే గృహిణి ఉండేది. ఆమె కుట్టిన బొంతల బొమ్మలను 1911 జనవరిలో 'లేడీస్ హోమ్ జర్నల్' రంగులలో అచ్చువేసింది. నమూనాలు పంపమని స్త్రీలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1915లో ఆమె బొంతల చరిత్ర మీద పుస్తకమే రాసింది. 1921లో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి కంపెనీ పెట్టి నమూనాలు, కిట్లు, టాకాలు వేసి సిద్ధం చేసినవి, చివరకు పూర్తిగా కుట్టినవి కూడా అమ్మింది. ఎంత పని మీది, ఎంత పని మాది అన్నది కొనే ఆమె ఇష్టం అన్నమాట. పత్రిక చదివే ఇల్లాలి తీరికనూ ఓపికనూ ఆమె సరిగ్గానే అంచనా వేసింది.

కిట్టు వల్ల లాభం లేదనలేము. రంగులు పొసగడం అన్నిటికన్నా కష్టమైన పని. పదిరకాల గుడ్డలు కొని, ఆరు నప్పక, అవి బీరువాలో పేరుకుపోయిన ఇళ్ళు నాకు తెలుసు. కిట్టులో ఆ బాధ లేదు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు ఆదివారం ఒక్కటే దొరుకుతుంది. ఆ ఆదివారం బజారులో పోకుండా సూది దగ్గర గడుస్తుంది.

నష్టాలూ లేకపోలేదు. గుడ్డ కొలిచినట్టు ఇస్తారు. ఒక ముక్క తప్పు కత్తిరిస్తే మారు ముక్క లేదు. అటువంటి అచ్చు గుడ్డలు కొద్ది కాలమే అమ్ముతారు గనుక బజారులో అదే గుడ్డ మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. కత్తిరించిన ముక్కలను ముందుగా తడిపి ఆరవేయడానికి వీలులేదు, కొసలు పీచులేస్తాయి. అంచేత ఎరుపు రంగు పోతుందో లేదో కుట్టిన తరువాతనే తెలుస్తుంది. మనం ఇంట్లో గుడ్డ ఎంచుకుంటే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవచ్చు. ఉప్పునీళ్ళలో నానవేస్తే రంగు నిలుస్తుందని అంటారు గాని, ఆ నమ్మకం మీద తెలుపు పక్కన ఎరుపు పెట్టకండి.

కిట్టు నేర్పేది ఒకటున్నది, లెక్క. ముక్కలు కలిపేటప్పుడు కుట్టు లోపలికి పావు అంగుళం వదలాలి. ఆ పావు అంగుళానికి మీ చేయి అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నదనుకోండి. రెండు ముక్కల నుంచీ కలిపి ఎనిమిదో వంతు పోతుంది. వరసలో ఎనిమిది కుట్లుంటే ఒక అంగుళం పొట్టి. పక్క వరస సరిగా వచ్చిందా, రెండూ కలవవు. మా వదిన మొదటి వరస మూడుసార్లు విప్పింది. "లెక్కల మాస్టారి కూతురినయి ఉండీ ఇదేమిటే!" అని వాపోయింది.

కిట్టు కుట్టినది మన బొంత అవుతుందా అని ఇంకో శంక. కొన్ని పోటీలలో కిట్టు బొంతలను ఒప్పుకోరు. అయితే 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో సియర్స్ కంపెనీ జరిపిన పోటీ కథ వినాలి. 24,000కు పైగా బొంతలు వచ్చాయి. ఎవరి బొంత వారే కుట్టాలని నియమం. మొదటి బహుమతి వెయ్యి డాలర్లు; ఆ కరువు రోజులలో అది చిన్న సొమ్ము కాదు. కెంటకీ రాష్ట్రం నుంచి మార్గరెట్ కేడెన్ అనే ఆమెకు వచ్చింది. ఆ బొంతను ఆమె కుట్టలేదు. కూలికి కుట్టే ఆడవాళ్ళు కుట్టారు. వారికి బహుమతిలో వాటా రాలేదు, ఉన్న పని పోతుందని వారు నోరు విప్పనూ లేదు. బొంతను అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టుకు ఇచ్చారు. ఆ తరువాత దాని జాడ లేదు. దీని ముందు కిట్టు కొని తన చేత్తో కుట్టుకున్న ఆమె నయం కాదా?

కూలి మాట వచ్చింది గనుక మన వీధుల సంగతి. "బొంతలు కుడతామమ్మా" అంటూ వచ్చే ఆడవాళ్ళు సూదీ దారం తప్ప ఏమీ తేరు. గుడ్డలు మనవి, చేయి వారిది. కిట్టులో గుడ్డ వారిది, చేయి మనది. మధ్యాహ్నం అరుగు మీద చీరలు పరిచి, గజం బద్ద లేకుండా, జానతో కొలిచి వాళ్ళు వేసే దూసుకుట్టు నేను నిలబడి చూశాను. ఆ వరసలు వంకర పోవు. వాళ్ళతో రూపాయి రూపాయికీ బేరమాడి, పెట్టెకు పదివేలు పోసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వాళ్ళ పని చూసే వదినకు జవాబు దొరికింది. మన బొంతకు కత్తెర అక్కరలేదు. అయిదున్నర గజాల చీర 198 అంగుళాలు. మూడు మడతలు వేస్తే 66 అంగుళాల పొడవు, 45 వెడల్పు, మూడు పొరలు. రెండో చీరను దాని చుట్టూ చుడితే పైనా కిందా మంచి గుడ్డ వస్తుంది, మిగిలిన కొస లోపలికి పోతుంది. మొత్తం ఆరు పొరలు. పసిపిల్లకు దూది లేకుండానే చాలు. వెలుతురుకు ఎత్తి చూసి, బాగా పలచబడిన చీరను లోపల పెట్టాలి, గట్టిది పైకి రావాలి. ఎప్పుడైనా కుట్లు విప్పితే చీర చీరగానే మిగులుతుంది.

"ముందు కిట్టు పూర్తిచేయండి, చేయి కుదిరిన తరువాత చీరలు పంపుతాను" అన్నాను. మూడు నెలలు పట్టింది. ఫోటో పంపింది, ఒక మూల కాస్త లాగింది గాని, చెబితే తప్ప కనబడదు. రెండు చీరలు పంపాను. ఏడూ ఎందుకు పంపలేదని అడిగితే పై లెక్క చెప్పాను. ఆమె ప్రత్యేకంగా అడిగిన నీలం గళ్ళ వెంకటగిరి చీర మాత్రం ఆ పార్సిలులో లేదు. ఈ పత్రిక ఆమె చేతికి చేరేలోగా దానికి ఏదో ఒక కారణం ఆలోచించాలి.