నవలలు, చలనచిత్రములు

గుడివాడ నుండి బందరు పోవు రైలు మార్గములో గుడ్లవల్లేరు ఒక స్టేషను. ఆ ఊరిని నడుమ నుంచుకొని పటము మీద ఒక వలయము గీచినచో, తెలుగు నవలకును తెలుగు చలనచిత్రమునకును గల బాంధవ్యములో చాల భాగము ఆ వలయములోనే ఇముడును. దేవదాసు పాత్ర ధరించిన అక్కినేని నాగేశ్వరరావుగారిది గుడివాడకు చేరువనున్న రామాపురము. ఆ చిత్రమునకు దర్శకులైన వేదాంతం రాఘవయ్యగారిది కూచిపూడి. నవలలను ఏరి తెచ్చి చిత్రములుగా తీయుట ఒక పద్ధతిగా పెట్టుకొన్న నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావుగారిది పెయ్యేరు. ఆయన ఎన్నుకొన్న రచయిత్రులలో ఒకరైన యద్దనపూడి సులోచనారాణిగారిది మొవ్వ దగ్గరి కాజ. ‘ఏకవీర’ చిత్రములో నాయకుడైన నందమూరి తారక రామారావుగారిది నిమ్మకూరు; ఆ నవల వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణగారు కొంచెము ఎగువన నందమూరులో పుట్టి, బందరులో చదువుకొన్నవారు. కృష్ణ కాలువ నీటిలో ఏ మహిమ ఉన్నదో గాని, నవలలు సినిమాలుగా రాణించునా లేదా యను ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము ఎంతో దూరము పోనక్కరలేదు.

నవల చదివినవారు సినిమా చూచి ఇంటికి వచ్చి అనుమాట సామాన్యముగా ఒకటే: “పుస్తకమంత బాగా లేదు.” ఈ మాటలో కొంత నిజమున్నది, కొంత అన్యాయమున్నది. మా రేడియో లెక్క ఒకటి చెప్పెదను. అచ్చయిన పుట ఒకటి మైకు ముందు నిదానముగా చదువుటకు రమారమి రెండు నిమిషములు పట్టును. మూడువందల పుటల నవలకు పది గంటలు. సినిమాకు దొరకునది రెండున్నర, మూడు గంటలు. అందులో పాటలు పోగా రెండు గంటలు. కనుక నవలను యథాతథముగా తెరకెక్కించితిమని ఎవరైన చెప్పినచో అది మర్యాదకు చెప్పిన మాటయే. విడిచిపెట్టక తప్పదు. అయితే ఏది విడువవలెను, ఏది నిలుపుకొనవలెను? నవల గొప్పదనమునుబట్టి ఈ నిర్ణయము జరుగదు. ఆ నవల తన బలమును ఎక్కడ దాచుకొన్నదో దానినిబట్టి జరుగును.

1957లో అన్నపూర్ణా పిక్చర్స్ వారు తీసిన ‘తోడికోడళ్ళు’ చిత్రమును చూడుడు. శరత్‌చంద్రుని ‘నిష్కృతి’ దానికి మూలము. అది కలకత్తా భవానీపురములోని ఒక ఉమ్మడి కుటుంబపు కథ. ఉమ్మడి కాపురములో తాళపుచెవులు ఎవరి కొంగున ఉన్నవి, ఎవరి బిడ్డకు ఏది వడ్డించిరి, ఎవరు ఎవరితో మాట మానిరి అనునవి అన్నియు కంటికి కనబడునవి, చెవికి వినబడునవి. శరత్ బాబు అరపుటలో వర్ణించిన అసూయను సూర్యకాంతముగారు గుమ్మములో నిలువబడి చేయి త్రిప్పినంతలో చూపించినారు. దర్శకులు ఆదుర్తి సుబ్బారావుగారు, మాటలు వ్రాసిన ఆత్రేయగారు వంగ దేశపు ఇంటిని తెచ్చి తెలుగు నేలపై నిలిపినారు. మూలములో లేని దృశ్యము ఒకటి ఇందులో అందరికిని గుర్తుండిపోయినది: నాయికా నాయకులు గూడ వేసి చేనికి నీరు తోడుచు పాడు కొసరాజుగారి పాట. గూడ అనగానేమో ఈ డెల్టాలో వ్యవసాయపు ఇండ్లవారికి చెప్పనక్కరలేదు. శరత్‌కు ఆ పాట తెలియదు. ఐనను నవలలోని ఆలుమగల అన్యోన్యమును ఆ పాట చెప్పినంత చక్కగా ఏ సంభాషణయు చెప్పజాలదు. ఇది మూలమునకు చేసిన ద్రోహము కాదు. అనువదించువాడు సామెతకు బదులు తన భాషలోని సామెతనే వాడును గదా!

దుక్కిపాటివారి పద్ధతియే ఇది. క్రోనిన్ 1953లో వ్రాసిన ఆంగ్ల నవలలో చెరసాలలోనున్న తండ్రి నిర్దోషియని ఋజువు చేయుటకు కుమారుడు పాటుపడును. 1967లో ఆ కథ ‘పూలరంగడు’ ఐనది. కుమారుడు జట్కా తోలువాడైనాడు. కథలోని ఎముకలు నిలుపుకొని రక్తమాంసములను ఇక్కడివే తొడిగినారు.

ఆ పద్ధతి తెలుగు నవలపై ప్రయోగించినప్పుడు చిక్కు వచ్చును. ఏలయనగా ఇక్కడ పాఠకుడు మూలమును చదివియున్నాడు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి పొందిన నవల. స్నేహితుని భార్యలో తన చనిపోయిన చెల్లెలిని చూచుకొన్న ఒక వైద్యుడు, దానిని అనుమానించిన ఆ స్నేహితుడు: ఇదియే కథ. 1964లో ఇది ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రమైనది. కథను తెరకు మలచినవారిలో గొల్లపూడి మారుతీరావుగారు ఒకరు. ఆయన తరువాత చాలకాలము మా ఆకాశవాణిలోనే పనిచేసినారని చెప్పుకొనుట మాకు కొంచెము గర్వముగానే ఉండును. రాష్ట్ర ప్రభుత్వము మొట్టమొదటిసారిగా ఇచ్చిన నంది బహుమతులలో ఉత్తమ చిత్రము ఇదియే. ఈ నవల తెరకు లొంగినది. ఏలయన, అనుమానమను వస్తువు చూపులలో బ్రతుకునది. జగ్గయ్యగారు ఒకసారి కన్నెత్తి చూచినచో చాలును. అయినను ఒక మాట చెప్పకతప్పదు. చిత్రము పేరు తెలిసిన పదిమందిలో నవల పేరు చెప్పగలవారు ఎందరు? రచయిత్రి పేరు చెప్పగలవారు ఎందరు? సినిమా బాగున్నకొలది నవల మరుగునపడుట కలదు. చెడిన సినిమా వలన నవలకు కలుగు హాని కంటె ఇదియే నాకు పెద్ద హానిగా తోచుచున్నది.

ఇక ‘ఏకవీర’. మధుర నాయకరాజుల కాలమునాటి కథ. ఇద్దరు ప్రాణస్నేహితులు, సేతుపతి, వీరభూపతి. ఒకడు వలచిన స్త్రీ తెలియక రెండవవానికి ఇల్లాలైనది. నలుగురును ఎవరి రహస్యమును వారు కడుపులో దాచుకొని ఒకరి ఎదుట ఒకరు మసలుచుందురు. వినుటకు ఇంతకంటె సినిమాకు తగిన కథ లేదనిపించును. 1969లో సి.యస్. రావుగారి దర్శకత్వమున చిత్రము వచ్చినది. మాటలు సి. నారాయణరెడ్డిగారివి. రామారావుగారు సేతుపతి, కాంతారావుగారు వీరభూపతి, కె.ఆర్. విజయ ఏకవీర, జమున మీనాక్షి. విజయవాడ కళాశాలలో విశ్వనాథవారి శిష్యుడైన నటుడు గురువుగారి నవలకు నాయకుడగుట ఒక అపురూపమైన సంగతి. పాటలు నిలిచినవి, చిత్రము నిలదొక్కుకొనలేదు.

కారణమేమి? నా అభిప్రాయమిది. ఆ నవలలో జరుగు సంఘటనలు కొద్ది. జరుగునదంతయు ఆ నలుగురి మనస్సులలో, అంతకంటె ఎక్కువగా విశ్వనాథవారి వాక్యములో. ఆయన ఒక పాత్రను గూర్చి చెప్పుచు నడుమ ఆగి, వైగై నదిని గూర్చి చెప్పి, తిరిగి పాత్రకు వచ్చునప్పటికి మనకు ఆ పాత్ర దుఃఖము అర్థమై యుండును. కెమెరా నదిని చూపగలదు, పాత్రను చూపగలదు; ఆ రెంటి నడుమ రచయిత వేసిన దారిని చూపలేదు. దాచుకొన్న దుఃఖమును నటుడు దాచినచో ప్రేక్షకునికి తెలియదు. బయటపెట్టినచో అది దాచుకొన్న దుఃఖము కాదు. నటులలో లోపము లేదు. ఆ నవల బలము తెరకు అందని చోట ఉన్నది.

ఈ సందర్భమున ఒక చిత్రమైన సంగతి. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ మన భాషలో అంతరంగమును అన్వేషించిన నవలలలో మొదట చెప్పదగినది. 1960లో అదే పేరుతో సావిత్రిగారు నటించిన చిత్రము వచ్చినది. దానికిని ఈ నవలకును ఏ సంబంధమును లేదు. అది ఒక వంగ చిత్రమునకు తెలుగు రూపము. పేరు మాత్రము తెరకెక్కినది, దయానిధి పుస్తకములోనే ఉండిపోయినాడు. ఒకందుకు మంచిదే ఐనదేమో!

అట్లని గొప్ప నవల గొప్ప చిత్రము కాజాలదని చెప్పుట తొందరపాటు. విభూతిభూషణుని ‘పథేర్ పాంచాలి’ని సత్యజిత్ రాయ్ 1955లో తెరకెక్కించినాడు. నవల కాశీ వరకు సాగును. చిత్రము ఆ కుటుంబము ఊరు విడిచి బండి ఎక్కుటతో ఆగును. కుమార్తె మరణవార్త తండ్రికి తెలియు ఘట్టములో తల్లి ఏడుపు వినిపింపక, ఆ స్థానమున తారషెహనాయి నాదమును నిలిపినాడు. ధ్వనితో బ్రతుకు మావంటి వారు ఆ ఒక్క నిమిషమును ఎన్ని మారులు విన్నను తనివి తీరదు. అతడు రచయిత వాక్యమును తెరకెక్కింపబోలేదు, దానికి సమానమైనది వెదకినాడు.

నవల పాఠకులకు మరియొక కష్టము కలదు. సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు రాజశేఖరమునకు ముఖము లేదు. చదువు ప్రతి ఆడపడుచును తనకు తోచిన ముఖము తానే పెట్టుకొన్నది. 1976లో చిత్రము వచ్చునప్పటికి నాగేశ్వరరావుగారికి ఏబది దాటినవి. ఆయన ఎంత మహానటుడైనను అన్ని వేల ముఖములకు ఒక్కడు ఎట్లు సరిపోవును? ఆమె ‘మీనా’ 1973లో విజయనిర్మలగారి దర్శకత్వమున చిత్రమైనది. తిరిగి 2016లో ‘అ ఆ’ చిత్రము వచ్చినప్పుడు, పట్నపు పిల్ల పల్లెటూరి బంధువుల ఇంటికి వచ్చు ఆ కథను చూచి, “ఇది మన మీనాయే గదా” అని పాత పాఠకులు వెంటనే గుర్తుపట్టినారు. ముఖములు మారినవి, నలుబది మూడేండ్లు గడచినవి. తల్లి అహంకారము, తండ్రి మెతకదనము, అత్తవారింటి పెరడు చెక్కుచెదరలేదు. నవలలో తెరకు పనికివచ్చునది ఏదో ఆ రెండు చిత్రములను పక్కపక్కన పెట్టి చూచినవారికి బోధపడగలదు.

‘దేవదాసు’ను చివరకు ఉంచినాను. శరత్ దానిని పిన్నవయసులో వ్రాసి, ప్రచురించుటకు ఏండ్ల తరబడి వెనుదీసి, 1917లో గాని వెలువరింపలేదు. ఆయనకే దానిపై గొప్ప అభిప్రాయము లేదు. 1953లో వచ్చిన తెలుగు చిత్రమో, నేటికిని చెప్పుకొనబడుచున్నది. చిన్న నవల, మాటలు తక్కువ, నాయకుడు తన మనస్సేమో తనకే తెలియనివాడు. రచయిత విడిచిన ఖాళీలలో నాగేశ్వరరావుగారి కన్నులును, సుబ్బరామన్‌గారి బాణీలలో ఘంటసాల కంఠమును వచ్చి కూర్చున్నవి. నిండిన నవలలో వానికి చోటు దొరకెడిది కాదు.

సినిమా తోసివేసిన కథకుడు రేడియోలో తిరిగి వచ్చును. ఒకప్పుడు మేము రెండున్నర గంటల చిత్రమును గంటకు కుదించి సంక్షిప్త శబ్దచిత్రముగా ప్రసారము చేయునప్పుడు, బొమ్మ లేని చోట్ల ఏమి జరుగుచున్నదో చెప్పుటకు వ్యాఖ్యాత కావలసి వచ్చెడివాడు. నవలలను నాటకములుగా మార్చునప్పుడును అంతే. ‘దేవదాసు’ నవల చివర శరత్ కథను ఆపి, నేరుగా పాఠకునివైపు తిరిగి, ఆ అభాగ్యుని కొరకు ప్రార్థింపుమని వేడుకొనును. తెరపై ఆ మాట చెప్పుటకు కథకుడు లేడు. ఆ పని పాట చేయవలెను, లేదా మూసిన తలుపు చేయవలెను. రేడియోలో ఐతే దీపము తగ్గించిన గదిలో ఒక గొంతు ఆ నాలుగు వాక్యములు చదివి ఊరకుండును. వినువారికి దేవదాసు ముఖము ఎవరిది కావలెనో వారే నిర్ణయించుకొందురు. కాకపోతే కృష్ణా జిల్లాలో ఆ ముఖము నాగేశ్వరరావుగారిది కాకుండునట్లు చేయుట ఇక మా చేతిలో లేదు.