ఫోన్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్’ బటన్ ఎందుకు లేదు? గూగుల్‌పై కేసు వేసిన ముగ్గురి కథ

అల్వాల్‌లో ఏ మొబైల్ షాప్‌కైనా వెళ్లి కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ ఓపెన్ చేయించండి. సిమ్ వేయకముందే క్రోమ్, యూట్యూబ్, జీమెయిల్ రెడీగా ఉంటాయి. యూట్యూబ్ తీసేద్దామని యాప్ ఇన్ఫోలోకి వెళ్తే చాలా ఫోన్లలో ‘అన్‌ఇన్‌స్టాల్’ కనిపించదు, ‘డిజేబుల్’ మాత్రమే ఉంటుంది. ఈ చిన్న బటన్ వెనుక పెద్ద లీగల్ ఫైట్ నడిచింది.

కేసు వేసింది ఎవరు?

2018లో ఉమర్ జావీద్, సుకర్మ థాపర్, ఆకిబ్ జావీద్ అనే ముగ్గురు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు, అంటే సీసీఐకి ఫిర్యాదు చేశారు. వీళ్లు పేరుమోసిన లాయర్లేం కాదు. ఇద్దరు సీసీఐలోనే రీసెర్చ్ అసోసియేట్లు, మూడో వ్యక్తి లా స్టూడెంట్. మామూలు ఆండ్రాయిడ్ యూజర్లుగానే ఫిర్యాదు ఇచ్చారు. 2019 ఏప్రిల్‌లో సీసీఐ విచారణకు ఆదేశించింది.

అసలు గొడవేంటి?

ఆండ్రాయిడ్ కోడ్ ఫ్రీ. కానీ ప్లే స్టోర్ లేని ఫోన్‌ని మన దగ్గర ఎవరు కొంటారు? ప్లే స్టోర్ కావాలంటే ఫోన్ కంపెనీ గూగుల్‌తో ఒప్పందం చేసుకోవాలి. అందులో గూగుల్ యాప్స్ మొత్తం సెట్‌గా పెట్టాలనే షరతు ఉండేది. కాంపిటీషన్ చట్టం, 2002 ప్రకారం పెద్ద కంపెనీ కావడం తప్పు కాదు. ఆ పెద్దరికంతో ఇతరుల దారి మూసేయడమే తప్పు.

ఏం మారింది?

2022 అక్టోబర్‌లో సీసీఐ గూగుల్‌కి రూ.1,337.76 కోట్ల ఫైన్ వేసింది, 10 ఆదేశాలిచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. దాంతో ఇండియాలో ఫోన్ కంపెనీలు కావాల్సిన యాప్స్‌కి మాత్రమే విడిగా లైసెన్స్ తీసుకోవచ్చని గూగుల్ ప్రకటించింది. డీఫాల్ట్ సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే ఛాయిస్ కూడా యూజర్‌కి ఇస్తామంది.

అయితే 2023 మార్చిలో అప్పీల్ ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ ఫైన్‌ని సమర్థిస్తూనే నాలుగు ఆదేశాలు కొట్టేసింది. వాటిలో ఒకటి, ముందే వచ్చిన గూగుల్ యాప్స్‌ని యూజర్లు అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా ఆపొద్దన్నది! అందుకే మనకి ‘డిజేబుల్’ దగ్గరే ఆగింది.

ఇది కెరీర్ కూడా

టెక్ పిచ్చి ఉన్నవాళ్లంతా కోడింగే చేయాలని లేదు. అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని వెళ్తే శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. క్లాట్ రాస్తే అక్కడ ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ చేయొచ్చు. తర్వాత సీసీఐలో రీసెర్చ్, లా ఫర్మ్, ట్రిబ్యునల్ ప్రాక్టీస్, ఇలా చాలా దారులున్నాయి. అయితే ఓపిక కావాలి. ఈ కేసులో ఫిర్యాదు నుంచి ఫైన్ దాకా రావడానికే నాలుగేళ్లు పట్టింది.

ఇక్కడ సెక్షన్లు మాత్రమే తెలిస్తే సరిపోదు. ప్రీ-ఇన్‌స్టాల్ అంటే ఏంటి, డీఫాల్ట్ మారితే ఎవరికి లాభం అన్నది కూడా తెలియాలి. స్పెక్ షీట్ చదివే అలవాటున్న మీకు అందులో సగం ఆల్రెడీ వచ్చినట్టే.