పసికంట్లో పాలచుక్క

మా పెద్దాడపడుచు మనవడి బారసాల. ఇరవై ఒకటో రోజు. ఉయ్యాల్లో వేసేముందు పిల్లాణ్ణి నా చేతికిచ్చారు. కిటికీ దగ్గర వెలుతురులో మురిపెంగా చూసుకుంటుంటే, కుడికంటి నల్లగుడ్డు మధ్యలో పాలచుక్కలా తెల్లగా ఏదో కనిపించింది. గుండె ఝల్లుమంది. "వదినా, ఇటు చూడు" అనబోయి ఆగిపోయాను. శుభమా అని పేరు పెట్టుకుంటుంటే ఆ మాటెలా అనడం? అందరితోపాటు నేనూ లాలిపాట అందుకున్నాను.

ఆ మొహమాటం ఖరీదు పది రోజులు!

పదోనాడు మనసాగక ఫోన్ చేస్తే మేనకోడలు భోరుమంది. "నేనూ చూశానత్తా! పువ్వులే, చనుబాలు రెండు చుక్కలు వేస్తే పోతుందంది నాయనమ్మ. గ్రహణంపూట కత్తిపీట ముట్టుకున్నావేమోనంటున్నారు మా అత్తగారు."

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. పుట్టుకతో వచ్చిన శుక్లం అన్నారు.

పసివాళ్ళకీ శుక్లాలా?

అరుదే గానీ వస్తాయి. కంటిపాప వెనక అద్దంలా ఉండాల్సిన లెన్స్ పుట్టుకతోనే మసకబారుతుంది. పెద్దవాళ్ళ శుక్లమైతే కొన్నాళ్ళు ఆగినా తర్వాత తీయించుకోవచ్చు. పసివాళ్ళ విషయం అలా కాదు. చూడటం నేర్చుకునేది మెదడు. మొదటి నెలల్లో కంటినుంచి స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. తర్వాత లెన్స్ తీసినా పూర్తి చూపు రావడం కష్టం. అందుకే ఒక కంట్లో దట్టంగా ఉంటే ఆరు వారాల ప్రాయానికల్లా, రెండు కళ్ళలో ఉంటే ఎనిమిది వారాలు దాటకుండా ఆపరేషన్ చేయాలని చూస్తారు. మావాడికి ఆరో వారంలో అయింది.

తప్పెవరిది?

గ్రహణానిదీ కాదు, కత్తిపీటదీ కాదు. కొందరికి వంశపారంపర్యంగా వస్తుంది. కొందరు బిడ్డల్లో పాలలోని చక్కెరను ఒంటికి పట్టించుకోలేని లోపం వల్ల వస్తుంది. ఎంత వెతికినా కారణం తేలనివి చాలా. మావాడిదీ అంతే.

"మొదటి నెలల్లో జ్వరం, దద్దుర్లు వచ్చాయా?" అని డాక్టరు అడగడానికి వెనక ఓ కథ ఉంది. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు శుక్లాలతో పుట్టిన 78 మంది పిల్లల్ని గమనించారు. వాళ్ళ తల్లుల్లో ఎక్కువమందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చిందని తేల్చారు. తల్లులు ఆస్పత్రిలో తమలో తాము చెప్పుకుంటున్న మాటలే ఆయనకు దారి చూపాయంటారు. చూశారా, ఆడవాళ్ళ కబుర్లు ఊరికే పోవు!

ఇప్పుడు రుబెల్లాకు టీకా ఉంది. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఎం.ఆర్. టీకా పిల్లలకు ఉచితంగా వేస్తున్నారు. చిన్నప్పుడు వేయించుకోని ఆడపిల్లలు పెళ్ళికి ముందే డాక్టర్ని అడగండి. గర్భిణులకు మాత్రం ఇది వేయకూడదు.

ఆపరేషన్‌తో అయిపోదు

అసలు తపస్సు ఆ తర్వాతే. తీసేసిన లెన్స్ బదులు కళ్ళజోడో, కాంటాక్టు లెన్సో పెడతారు. మరీ పసివాళ్ళకు లోపల కృత్రిమ లెన్స్ సాధారణంగా వెంటనే పెట్టరు. బలహీనమైన కన్ను పనిచేయాలంటే మంచి కన్నును డాక్టరు చెప్పినన్ని గంటలు పట్టీతో మూయాలి. వాడు పీకడం, మా పిల్ల ఏడుస్తూ మళ్ళీ అంటించడం! గ్లకోమా వస్తోందేమోనని ఏళ్ళ తరబడి పరీక్షలు కూడా.

ఇవి గమనించండి

* నల్లగుడ్డులో తెలుపు
* ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా కనబడటం
* మెల్లకన్ను, కళ్ళు అదేపనిగా కదలడం
* మూడు నెలలొచ్చినా మొహంవంక చూడకపోవడం

కంట్లో తెలుపు ప్రాణాంతకమైన కణితి వల్ల కూడా కావచ్చు. కాబట్టి ఆ రోజే చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు శుక్లం కూడా ఉంది. ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది.

మొన్న మంచికంటికి పట్టీ వేసి ఉండగానే మావాడు నా గాజులవంక చూశాడు. చెయ్యి జరిపితే చూపూ జరిగింది. మేనకోడలి కళ్ళు తుడిచాను గానీ, ఆ పది రోజులు నన్నింకా పొడుస్తూనే ఉన్నాయి. మీకు కనిపిస్తే మాత్రం పేరంటం మధ్యలోనైనా సరే, నోరు విప్పండి.