ఫోటో వెనక పేరు రాశారా?

మీ బీరువా పై అరలో ఏమేమున్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెళ్ళి ఆల్బమ్, స్టూడియో కవర్లో విడి ఫోటోలు, పిల్లల మార్కుల కార్డులు, ఏనాటివో శుభలేఖలు, వారపత్రికల్లోంచి కత్తిరించి దాచిన వంటల పేజీలు... 'తీరిక దొరికితే ఇవన్నీ ఒక పుస్తకంలో అంటించాలి' అని ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నారు? పోనీ, తీరిక చేసుకుని మొదలుపెట్టిన వాళ్ళయినా సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. రంగు కాగితాలు, మెరుపు రిబ్బన్లు, రకరకాల కత్తెరలు కొని, అది ఇంకో ఇంటిచాకిరీ అయి కూర్చుంటుంది!

ఇంగ్లీషు వాళ్ళు దీన్ని స్క్రాప్‌బుక్ అంటారు. వాళ్ళకిది పాత సరదాయే. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1873లోనే, పేజీలకు ముందే జిగురు పూసి ఉంచిన స్క్రాప్‌బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. తడిపి అంటిస్తే సరి! మన అమ్మలకు ఆ పేరు తెలియదు గానీ పని తెలుసు. పిల్లలు రాసి పడేసిన నోటుబుక్కులో మైదా జిగురుతో వంటల పేజీలు అంటించిన తల్లులు ఎంతమంది లేరు? ఆ మాటకొస్తే స్టీలు బిందెల మీద పేరు, తేదీ కొట్టించడం మాత్రం ఏమిటి? ఫలానా పెళ్ళికి ఫలానా వాళ్ళు పెట్టారని మన వంటిల్లే చెబుతుంది.

నేను చేసిన పొరపాటు

మాది సోమందేపల్లి. ఇటు హిందూపురం, అటు పెనుకొండ, ఊరి పక్కనే బెంగుళూరు హైవే. ఉగాదికి ఆడబిడ్డలు ధర్మవరం నుంచి, మరిది కుటుంబం బెంగుళూరు నుంచి వస్తారు. పిల్లాజెల్లా కలిపి ఇరవై మందికి తక్కువ కాము. ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, పచ్చడి... ఆ రోజు పొయ్యి ఆరదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఉగాదికి నేను ఖరీదైన ఆల్బమ్ ఒకటి కొన్నాను. వచ్చిన వాళ్ళందరికీ చూపించి మెప్పు పొందాలని పట్టుదల. అందరూ వచ్చాక కూడా నా పని తెమల్లేదు. మా ఏరాలు ఒక్కతే అంట్లు తోముకుంటోంది, నేనేమో గదిలో కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తున్నాను!

అప్పుడు మా అత్తగారు పాత ఫోటో ఒకటి పట్టుకుని వచ్చారు. ఆమె పెళ్ళికి ముందు హిందూపురం స్టూడియోలో తీయించుకున్న ఫోటో. నలుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు.

"ఈడ కూచోమ్మా. వీళ్ళెవరో చెప్తా, రాసుకో" అన్నారు.

"ఉండండత్తా, ఈ పేజీ అయిపోనీ" అన్నాను.

ఆ పేజీ అయ్యేసరికి ఆమె నిద్రపోయారు. పొద్దున బస్సుల హడావిడి. మళ్ళీ ఉగాదికి ఆమె లేరు.

ఆ ఫోటో ఇప్పుడు నా ఆల్బమ్‌లో బంగారు రంగు అంచు మధ్య ఉంది. నలుగురిలో ఒకరు మా అత్తగారు, ఇద్దరిని మా పెద్దాడబిడ్డ గుర్తుపట్టింది. మూడో ఆమె ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పగలిగిన మనిషి నా గుమ్మంలో నిలబడి, రాసుకోమని అడిగారు. నేను అంచు అంటిస్తూ ఉండిపోయాను.

లేపాక్షిలో ఒక ఆలోచన

మా ప్రాంతంలో ఏ ఇంటి ఆల్బమ్ తీసినా లేపాక్షి బసవన్న ముందు తీయించుకున్న ఫోటో ఒకటి ఉంటుంది. మా ఇంట్లో లెక్కపెడితే పదకొండు తేలాయి. అన్నిట్లో బసవన్న ఒక్కడే, మారింది మన జడలూ, చీరలే!

ఆ గుడి పైకప్పు చిత్రాలు మీరు చూసే ఉంటారు. విజయనగర రాజుల కాలం నాటివి. వాటిలో ఆడవాళ్ళు కట్టుకున్న చీరలు, వాటి గళ్ళు, అంచులు ఈనాటికీ తెలుస్తాయి. నేత చీరల మీదికి కూడా లేపాక్షి డిజైన్లు వచ్చాయి. చీర అంచు అయిదు వందల ఏళ్ళ దాకా వచ్చింది. కట్టుకున్న ఆమె పేరు మాత్రం రాలేదు. మన ఆల్బమ్‌లూ అలాగే అయిపోకూడదు కదా!

ఒక్క పుస్తకం చాలు

ఆ తర్వాత నేను పద్ధతి మార్చాను. ఇంటికి ఒక్క పుస్తకం, ఏడాదికి నాలుగు పేజీలు. అంతకు మించి లేదు. ఈ లెక్క పెట్టుకున్నాక సామాను కొనే పని పోయింది. పదకొండు బసవన్న ఫోటోల్లో ఒకటి ఉంచుకుని, మిగతావి అందులో ఉన్న వాళ్ళకే ఇచ్చేశాను. వాళ్ళ సంతోషం చూడాలి!

పండుగ కూడా తేలిక చేసుకున్నాం. 2019లో ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టాక మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో మగపిల్లలకు షిఫ్టు డ్యూటీలు. అందరూ ఒకే పంక్తిలో కూర్చోవడమే గగనం. అందుకే పన్నెండు రకాలు మానేశాం. పగలు ఓళిగలు, రాత్రికి రాగిముద్ద, ఊరుబిండి, మజ్జిగ. విస్తరాకుల్లో భోజనం, అంట్ల గొడవ లేదు. మిగిలిన ఆ గంటలో అందరం పుస్తకం ముందు వేసుకుని కూర్చుంటాం. పెద్దవాళ్ళు చెబుతారు, పిల్లలు రాస్తారు. అక్షరం వంకరపోయినా సరే, దిద్దకండి. ఆ వంకరే రేపటికి ముద్దు.

శుభలేఖలు పారేసే ముందు ఒకటి మాత్రం దాచండి. 1985లో మండలాలు రాకముందు అచ్చయిన కార్డుల్లో తాలూకా పేరు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌కు ముందు మా కార్డుల్లో అనంతపురం జిల్లా, ఆ తర్వాతి వాటిలో శ్రీ సత్యసాయి జిల్లా. ఊరు అదే, ఇల్లు అదే, చిరునామా మారింది. ఇలాంటివి పిల్లలకు చెబితే కథలా వింటారు.

మీరూ మొదలుపెడతారా? ఇవి గుర్తుంచుకోండి

* ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో అంచు దగ్గర తేలికగా రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాస్తే ముందువైపు గీత పడుతుంది. వెనకవైపు నున్నగా ఉండి పెన్సిల్ పడకపోతే, పుస్తకంలో ఫోటో కింద రాయండి.

* పేరు ఒక్కటే చాలదు. ఎవరి కూతురు, ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరం అన్నది కూడా ఉండాలి. 'చిన్నమ్మ' అని రాస్తే యాభై ఏళ్ళ తర్వాత ఎవరికి చిన్నమ్మ అని వెతకాలి!

* మైదా జిగురు పురుగులను పిలుస్తుంది. సెల్లో టేపు కొన్నేళ్ళకు పచ్చబడి మరక వదులుతుంది. కాగితంతో చిన్న మూలలు చేసి, వాటిలో ఫోటో దూర్చండి. కావాలంటే బయటికి తీయవచ్చు.

* ప్లాస్టిక్ పొర ఎత్తి అంటించే పాత ఆల్బమ్‌లలో ఫోటోలు అతుక్కుపోతే బలవంతంగా పీకకండి. ముందు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

* పత్రికల కాగితం త్వరగా పచ్చబడి పెళుసవుతుంది. ముఖ్యమైనదైతే మంచి తెల్లకాగితం మీద జెరాక్స్ తీయించి అది అంటించండి.

* చిరిగిన ధర్మవరం పట్టుచీర మొత్తం దాచనక్కర్లేదు. జానెడు అంచు కత్తిరించి, దారంతో పేజీకి కుట్టండి. పక్కన ఎవరి పెళ్ళి చీరో రాయండి.

* సెల్‌ఫోన్‌లో వేల ఫోటోలున్నా, ఏడాదికి పది ఎంచుకుని కాగితం మీద వేయించండి. ఎంచుకోవడంలోనే సగం సరదా.

మా పుస్తకంలో ఒక పేజీ: ఊరుబిండి

కావలసినవి: వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాలు రెండు పిడికిళ్ళు, పచ్చిమిరపకాయలు ఆరు, టమేటాలు మూడు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కొంచెం చింతపండు, ఉప్పు, నూనె ఒక చెంచా.

మిరపకాయలు, టమేటాలు నూనెలో మగ్గించి చల్లార్చండి. రోట్లో ముందు విత్తనాలు కచ్చాపచ్చాగా దంచి తీయండి. తర్వాత మిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు నూరి, టమేటాలు వేసి, చివర్న దంచిన పొడి కలపండి.

ఈ పేజీ అడుగున మా అత్తగారు ఎప్పుడూ అనే మాట మా అమ్మాయి చేత రాయించాను: "పంటికి బరక తగలాల. మెత్తగైతే అది ఊరుబిండి కాదు." కొలతలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, ఈ మాట దొరకదు.

మీ ఇంట్లోనూ పాత ఫోటో పట్టుకుని గుమ్మంలో నిలబడే పెద్దామె ఒకరు ఉండే ఉంటారు. కత్తెర కింద పెట్టండి, పొయ్యి మీదిది దించండి. ఈ ఆదివారమే ఆమె పక్కన కూర్చుని పేర్లు అడగండి. ఆల్బమ్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.